నొప్పులు రాలేదని ఆగొద్దు

తొలికాన్పుకు పుట్టింటికొచ్చిన అమ్మాయిని ఆళ్ళగడ్డ పక్క ఊళ్ళలో ఎవరు పలకరించినా "నొప్పులు మొదలైనాయా?" అనే అడుగుతారు. చివరి నెలల్లో ప్రాణం మీదికి తెచ్చేవాటిలో చాలావాటికి కాన్పునొప్పులతో పనే లేదు. చిక్కంతా అక్కడే.

అపోహ: నెలలు నిండాక నీరు పట్టడం మామూలే.

సాయంత్రానికి పాదాలు వాయడం మామూలే. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి, వేలి ఉంగరం ఊడిరాకుంటే మాత్రం ఆరోజే బీపీ చూపించాలి. 140/90 ఉంటే ఎక్కువే. 160/110కి చేరితే క్షణం ఆలస్యం చేయకూడదు. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ళముందు మెరుపులు, కుడి డొక్కలో నొప్పి ఫిట్స్‌కు ముందు కనిపించే గుర్తులు. మనవాళ్ళు తలనొప్పిని ఎండ మీదికి, డొక్కనొప్పిని గ్యాస్ మీదికి తోసేస్తారు. నంద్యాల ఎండలు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది మరి! ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం, తాయెత్తు కట్టడం దండగ. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇస్తారు.

అపోహ: కాన్పు దగ్గరపడితే బిడ్డ కదలికలు తగ్గుతాయి.

తీరు మారొచ్చు, తగ్గకూడదు. ఎడమపక్కకు ఒత్తిగిలి గమనిస్తే 2 గంటల్లో 10 కదలికలైనా తెలియాలి. తెలియకపోతే అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే.

అపోహ: నొప్పి లేకుండా నెత్తురు కనిపిస్తే భయం లేదు.

మాయ కిందికి ఉన్నవాళ్ళకు నెత్తురు నొప్పి లేకుండానే పోతుంది. జిగటలో ఎర్రటి చార వేరు, గుడ్డ తడవడం వేరు; తడిస్తే వెంటనే బయల్దేరాలి. ఉమ్మనీరు పోయినా అంతే, నొప్పుల కోసం చూడొద్దు. నీరు పచ్చగా ఉంటే మరీ తొందరపడాలి.

అపోహ: ఏడోనెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదోనెల బిడ్డ బతకదు.

ఈ లెక్క ఎవరు కట్టారో కానీ తలకిందులు. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు బలమే. 37 వారాలకు ముందే నొప్పులొస్తే వెంటనే వెళ్ళాలి.

అపోహ: 102కి ఫోన్ చేస్తే బండి వస్తుంది కదా.

అది కాన్పయ్యాక తల్లీబిడ్డలను ఇంట్లో దించే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్. ప్రాణం మీదికొస్తే 108. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు, అహోబిలం వైపు ఊళ్ళకు ఇంకా దూరం. కాబట్టి ఏ ఆసుపత్రికి పోవాలో ఎనిమిదో నెలలోనే ఆశా కార్యకర్తతో మాట్లాడుకోవాలి. బీపీ, రక్తం లెక్కలన్నీ ఉండే ఎంసీపీ కార్డును అత్తగారింటి బీరువాలో మరిచిరావద్దు.