మీకు తెలుసా? హైవే మీద క్లచ్ అరగదు
టాప్ గేరులో హైవే మీద పరుగెడుతున్న కారులో క్లచ్ ప్లేటు దాదాపు అరగదు. అరుగుదలంతా అది జారేటప్పుడే.

ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టినా, పెడల్ మీద ఊరికే కాలు ఆనించి నడిపినా ప్లేటు రాసుకుని వేడెక్కుతుంది. కాగితం మాడినట్టు ఘాటు వాసన వచ్చేది అందుకే. అలా ప్లేటు అరిగిన పాత కారులో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు ఎగబాకుతుంది, బండి మాత్రం ముందుకు ఉరకదు. వాసన ఒక్క చక్రం దగ్గరే వస్తూ రిమ్ము కాలిపోతుంటే మాత్రం అనుమానించాల్సింది పట్టేసిన బ్రేకును.

పాత కారు కొనేముందు ఒక్కసారి, ఎదురుగా ఎవరూ లేని చదునైన చోట హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోతే మంచిదే. ఆగకుండా తిరుగుతూనే ఉంటే, మెకానిక్‌కు చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.