స్పార్క్‌తో క్లౌడ్ నిల్వ అనుసంధానం: దినవారీ వర్షపాత విశ్లేషణలో పాటించవలసిన మెళకువలు

వర్షాధార సాగులో విత్తే సమయం, పంటకాలంలో వర్షపు రోజుల సంఖ్య, బెట్ట వ్యవధి వంటి అంశాలను నిర్ణయించడానికి దీర్ఘకాలిక దినవారీ వర్షపాత దత్తాంశం అవసరం. ఒక కేంద్రానికి చెందిన 30 ఏళ్ల నమోదులు 11 వేల వరుసలకు మించవు కనుక వాటికి స్ప్రెడ్‌షీట్ సరిపోతుంది. వేలాది కేంద్రాల నమోదులను ఒకేసారి పరిశీలించవలసి వచ్చినప్పుడు వరుసల సంఖ్య కోట్లకు చేరుతుంది. అటువంటి సందర్భాల్లో అపాచీ స్పార్క్ వంటి విశ్లేషణ యంత్రాంగాన్ని క్లౌడ్ నిల్వతో అనుసంధానించి వాడుతున్నారు. ఈ అనుసంధానంలో ఎక్కువ పొరపాట్లకు మూలం ఒక్కటే: క్లౌడ్ నిల్వను సాధారణ డిస్క్‌గా భావించడం.

స్పార్క్ పనితీరు

స్పార్క్ 2009లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ ప్రయోగశాలలో ఆరంభమైంది. ఇందులో డ్రైవర్ అనే ప్రధాన ప్రక్రియ పనిని చిన్న భాగాలుగా విభజిస్తుంది. ఎగ్జిక్యూటర్లు ఆ భాగాలను ఏకకాలంలో నిర్వహిస్తాయి. దత్తాంశాన్ని స్పార్క్ తనలో శాశ్వతంగా దాచుకోదు. బయటి నిల్వ నుంచి చదివి, ఫలితాన్ని తిరిగి అక్కడికే రాస్తుంది. అందువల్ల నిల్వ స్వభావం విశ్లేషణ వేగాన్నే కాక, ఫలితాల విశ్వసనీయతను కూడా ప్రభావితం చేస్తుంది.

ఆబ్జెక్టు నిల్వ స్వభావం

అమెజాన్ సంస్థ 2006లో ప్రారంభించిన ఎస్3 ఒక ఆబ్జెక్టు నిల్వ. బకెట్ అనే పాత్రలో ప్రతి ఫైలూ ఒక పూర్తి పేరుతో ఆబ్జెక్టుగా ఉంటుంది. పేరులోని గీతల వల్ల ఫోల్డర్లు ఉన్నట్లు కనిపించినా, సాధారణ బకెట్లలో నిజమైన ఫోల్డర్లు ఉండవు. ఆబ్జెక్టు పేరు మార్చాలంటే దానిని కొత్త పేరుతో నకలు చేసి, పాతదానిని తొలగించవలసి ఉంటుంది. ప్రతి చర్య నెట్‌వర్క్ ద్వారా వెళ్లే ఒక అభ్యర్థన. పేర్ల జాబితా కోరితే ఒక్కో అభ్యర్థనకు గరిష్ఠంగా 1000 పేర్లు మాత్రమే లభిస్తాయి.

అనుసంధాన విధానం

స్పార్క్‌కు, ఎస్3కి మధ్య హడూప్‌కు చెందిన ఎస్3ఏ అనే అనుసంధాన భాగం పనిచేస్తుంది. ఇది హడూప్-ఏడబ్ల్యూఎస్ అనే జార్ ఫైలులో లభిస్తుంది. ఈ ఫైలు వెర్షను, స్పార్క్‌లో ఉన్న హడూప్ వెర్షను ఖచ్చితంగా ఒకటే అయి ఉండాలి. తేడా ఉంటే తరగతి లేదా పద్ధతి కనబడలేదన్న దోష సందేశాలతో పని నిలిచిపోతుంది.

తరువాతి అంశం ప్రవేశ అనుమతి. బహిరంగ దత్తాంశానికి అనామక ప్రవేశాన్ని ఎంచుకుంటే చాలు. సొంత బకెట్‌కు రహస్య తాళాలను ప్రోగ్రాములో రాయకూడదు. విద్యార్థులు ప్రోగ్రాములను పరస్పరం పంచుకోవడం సహజం. వాటితోపాటు తాళాలు కూడా బయటకు వెళతాయి. క్లౌడ్ యంత్రానికే అవసరమైనంత మేరకు అనుమతిగల పాత్రను కేటాయిస్తే, ఎస్3ఏ తాత్కాలిక తాళాలను తానే పొందుతుంది.

చదివేటప్పుడు

అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా రూపొందించిన జీహెచ్‌సీఎన్-డైలీ ఇందుకు మంచి ఉదాహరణ. లక్షకు పైగా కేంద్రాల దినవారీ నమోదులు ఇందులో ఉన్నాయి. భారతీయ కేంద్రాల గుర్తింపు సంఖ్యలు ఐఎన్ అక్షరాలతో మొదలవుతాయి. ఈ దత్తాంశం ఎస్3లో సీఎస్‌వీ, పార్కే రూపాల్లో ఉచితంగా లభిస్తుంది.

జీజిప్ పద్ధతిలో కుదించిన సీఎస్‌వీ ఫైలును స్పార్క్ విభజించలేదు. ఎన్ని ఎగ్జిక్యూటర్లు ఉన్నా ఒక ఫైలును ఒకటే చదువుతుంది. పార్కే రూపంలో దత్తాంశం నిలువు వరుసలవారీగా ఉంటుంది కనుక అవసరమైన వరుసలను మాత్రమే చదవవచ్చు. పైగా ఇక్కడి పార్కే ఫైళ్లు సంవత్సరం, వాతావరణ అంశం ప్రకారం విభజింపబడి ఉన్నాయి. వర్షపాతం మాత్రమే కోరితే ఉష్ణోగ్రత ఫైళ్లను తెరవవలసిన పని ఉండదు. అయితే మూల చిరునామా మాత్రమే ఇస్తే స్పార్క్ 18వ శతాబ్దం నుంచి ఉన్న విభాగాలన్నింటి జాబితా తయారు చేస్తుంది. కావలసిన సంవత్సరాల చిరునామాలనే ఇచ్చి, మూల చిరునామాను బేస్‌పాత్‌గా తెలిపితే ఈ కాలయాపన తప్పుతుంది.

ఈ బకెట్ అమెరికాలోని ఉత్తర వర్జీనియా ప్రాంతంలో ఉంది. హైదరాబాద్ లేదా ముంబయి క్లౌడ్ ప్రాంతం నుంచి పదేపదే చదివితే ప్రతి అభ్యర్థనకూ దూరం తోడవుతుంది. అవసరమైన భాగాన్ని ఒకసారి వడకట్టి సమీప ప్రాంతంలో భద్రపరచుకోవడం మేలు. పది, పన్నెండు కేంద్రాల పనికైతే కేంద్రాలవారీ సీఎస్‌వీ ఫైళ్లు చాలు. స్పార్క్ అవసరమే లేదు.

రాసేటప్పుడు

అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. స్పార్క్ సాధారణ పద్ధతిలో ఫలితాలను ముందుగా తాత్కాలిక ఫోల్డరులో రాసి, తరువాత పేరు మారుస్తుంది. డిస్క్‌పై ఇది క్షణంలో, ఒకే చర్యగా ముగుస్తుంది. ఎస్3లో ఒక్కో ఆబ్జెక్టును నకలు చేయవలసి వస్తుంది. ఆ మధ్యలో పని విఫలమైతే కొన్ని ఫైళ్లు గమ్యం చేరి, మిగిలినవి చేరకుండా ఉండవచ్చు. 2020 డిసెంబరు నుంచి ఎస్3లో రాసిన ఆబ్జెక్టు వెంటనే కనిపిస్తున్నప్పటికీ, ఈ సమస్య మాత్రం తొలగలేదు.

దీనికి పరిష్కారంగా హడూప్ 3.1 నుంచి ఎస్3ఏ కమిటర్లు అందుబాటులో ఉన్నాయి. ఇవి ఫైలును భాగాలుగా ఎక్కించి, పని మొత్తం విజయవంతమయ్యాకే ఆ భాగాలను ఆబ్జెక్టుగా ఖరారు చేస్తాయి. ఇవి అమల్లో ఉన్నాయో లేదో స్పార్క్ అమరికల్లో సరిచూసుకోవాలి. పని పూర్తయ్యాక గమ్యంలో అండర్‌స్కోరుతో మొదలయ్యే సక్సెస్ అనే ఫైలు ఏర్పడుతుంది. దాని పరిమాణం సున్నా అయితే పాత పద్ధతే వాడినట్లు గ్రహించాలి. దాని తేదీ తాజా పనికి సంబంధించినదో కాదో కూడా చూడాలి. మధ్యలో ఆగిన ఎక్కింపుల భాగాలకు కూడా అద్దె పడుతుంది కనుక, వాటిని కొన్ని రోజుల తరువాత తొలగించే నియమాన్ని బకెట్‌కు ఏర్పరచాలి.

నమోదు లేకపోవడం, వాన లేకపోవడం

జీహెచ్‌సీఎన్-డైలీ సంవత్సరాలవారీ ఫైళ్లలో నమోదు కాని రోజుకు వరుసే ఉండదు. వాన పడని రోజుకు సున్నా విలువతో వరుస ఉంటుంది. విశ్లేషణలో లేని వరుసలను సున్నాతో నింపితే నమోదు కాని వారం బెట్టగా మారుతుంది. రాతలో గల్లంతైన ఫైలు కూడా సరిగ్గా ఇటువంటి ఖాళీనే మిగులుస్తుంది. అంటే సాంకేతిక వైఫల్యం పట్టికలో కరవు రూపంలో కనిపించే అవకాశం ఉంది. దానిని ఆధారం చేసుకుంటే రైతుకు చేరే విత్తే తేదీ సలహా తప్పుతుంది.

కనుక పూర్తి క్యాలెండరుతో పోల్చి, కేంద్రాలవారీగా, నెలలవారీగా వరుసల సంఖ్యను చదివిన తరువాత ఒకసారి, రాసిన తరువాత మరొకసారి లెక్కించి సరిచూడాలి. నాణ్యత సూచిక నిండి ఉన్న విలువలను వదిలివేయాలి. వర్షపాతం మిల్లీమీటరులో పదో వంతు ప్రమాణంలో ఉంటుందని గుర్తుంచుకోవాలి. భారత వాతావరణ విభాగం వర్షపు రోజుకు నిర్ణయించిన 2.5 మిల్లీమీటర్లు ఇక్కడ 25గా ఉంటాయి. భారతీయ కేంద్రాల నమోదుల్లోనూ ఖాళీలు ఉన్నందున, మండల స్థాయి సలహాకు ముందు స్థానిక వర్షమాపక నమోదులతో పోల్చి చూడాలి.

వెర్షను, అనుమతి, విభాగాల ఎంపిక సరిగా లేకపోతే పని ఆగడమో, ఆలస్యమవడమో జరుగుతుంది. అది వెంటనే తెలుస్తుంది. రాతలోని లోపం మాత్రం ఏ దోష సందేశమూ చూపకుండా నివేదికలో చేరిపోగలదు. వరుసలను లెక్కించి సరిచూసిన తరువాతే ఫలితాలను విస్తరణ సిబ్బందికి అందించాలి.