బొమ్మల సినిమాలోనూ రాత్రి షిఫ్టే

మన వాడల్లో ఈమధ్య కొందరు పిల్లలు యానిమేషన్ నేర్చుకుంటున్నారు. "పొద్దంతా కంప్యూటర్ ముందు కూచుని బొమ్మలాడించడం కూడా ఒక పనేనా?" అని ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతుంటారు. పనే. అదీ మన సాంచాల పని లాంటిదే.

తెర మీద సెకనుకు 24 బొమ్మలు నడుస్తాయి. గంటన్నర సినిమా అంటే 1,29,600 బొమ్మలు. ఇంత పనిని షాట్లు షాట్లుగా విడగొట్టి పంచుతారు. ఒకరు కెమెరా చోటు కుదురుస్తారు, ఒకరు బొమ్మను నడిపిస్తారు, ఇంకొకరు వెలుగునీడలు పెడతారు, చివర ఒకరు అన్నీ కలుపుతారు. ప్రతి మెట్టు దగ్గరా డైరెక్టర్ "ఓకే" అంటేనే షాట్ ముందుకు పోతుంది. లేదంటే రీటేక్.

అందుకే చేసిన పనిని, సగంలో ఉన్నా సరే, రోజూ అందరి ముందు చూపిస్తారు. దాన్ని డెయిలీస్ అంటారు. పోగు తెగింది సాంచా మీదే చూసుకుంటే ఒక ముడితో పోతుంది. ఫోల్డింగ్ ఖాతా దాకా పోయాక బయటపడితే తాను మొత్తం దెబ్బతింటుంది. షాటూ అంతే. నడక బాలేదని మొదట్లోనే చెబితే ఒకరే సరిచేసుకుంటారు. లైటింగ్ అయ్యాక చెబితే ముగ్గురి కష్టం మళ్ళీ మొదటికొస్తుంది.

ఆలస్యంగా చెబితే ఏమవుతుందో అమెరికాలో పిక్సార్ కంపెనీ తీసిన 'టాయ్ స్టోరీ 2' చూపించింది. 1998 చివరికి కథ కుదరలేదని తేలింది. విడుదల తేదీ మాత్రం 1999 నవంబరు. జరపడం కుదరదన్నారు. మామూలుగా ఏళ్ళు పట్టే సినిమాను దాదాపు మొత్తం తొమ్మిది నెలల్లో మళ్ళీ చేశారు. రాత్రీ పగలూ లేదు, ఆదివారం లేదు. పని ముగిసేసరికి సిబ్బందిలో మూడోవంతు మందికి మణికట్లు, చేతులు నొప్పులు పట్టుకున్నాయి. అలసిపోయిన ఒక తండ్రి, బిడ్డను శిశు సంరక్షణ కేంద్రంలో దించడం మరచి, ఎండలో నిలిపిన కారులోనే వదిలేసి పనిలోకి వెళ్ళాడు. తల్లి అడిగాక గుర్తొచ్చి పరుగెత్తారు. దేవుడి దయవల్ల బిడ్డ దక్కింది.

సినిమా బాగా ఆడింది. అయినా, మనుషుల్ని అంతగా పిండడం తప్పేనని కంపెనీ పెద్దల్లో ఒకరైన ఎడ్ క్యాట్‌మల్ తర్వాత తన పుస్తకంలో ఒప్పుకున్నాడు.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, మీ పిల్లలు ఇలాంటి ఉద్యోగంలో చేరేముందు జీతం ఒక్కటే అడగనివ్వకండి. షాట్ ఓకే చేసేది ఎవరు? ఒకసారి ఓకే అన్నాక మళ్ళీ మార్చమంటే అదనపు రోజులిస్తారా? రాత్రి ఆపితే ఓవర్‌టైమ్ కడతారా? ఇవీ అడగమనండి. చెయ్యి తిమ్మిరెక్కుతోందని పిల్లవాడు చెబితే "కూచుని చేసే పనికి నొప్పేంటి" అనకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మిల్లు గంటకు లేచి ఒళ్ళు గుల్ల చేసుకున్నవాళ్ళం, ఆ నొప్పి మనకు తెలియంది కాదు.