వార్తల్లో పదం: ఎచ్ ఎ స్కెచ్

ఎర్ర చట్రం, బూడిదరంగు తెర, కింద రెండు తెల్లటి నాబ్‌లు. ఎడమది తిప్పితే గీత అడ్డంగా, కుడిది తిప్పితే నిలువుగా సాగుతుంది. గీసింది నచ్చలేదా? తిరగేసి ఊపితే చాలు, అంతా మాయం. 1960 నుంచి అమెరికా పిల్లల చేతుల్లో ఉన్న ఈ ఆటవస్తువు 2012 మార్చిలో ఉన్నట్టుండి ఎన్నికల వార్తలకెక్కింది.

రిపబ్లికన్ అభ్యర్థిత్వానికి పోటీపడుతున్న మిట్ రామ్నీ సలహాదారు ఎరిక్ ఫెర్న్‌స్ట్రామ్‌కు సీఎన్ఎన్‌లో ఒక ప్రశ్న ఎదురైంది. సొంత పార్టీలో నెగ్గడానికి ఇంతగా మితవాదం వైపు మొగ్గితే, రేపు అసలు ఎన్నికల్లో తటస్థ ఓటర్లు దూరం కారా? అప్పుడు అంతా కొత్తగా మొదలవుతుందని, ఎచ్ ఎ స్కెచ్‌ను ఊపి మళ్లీ గీసుకున్నట్టేనని ఆయన బదులిచ్చారు.

ప్రత్యర్థులకు అంతకన్నా ఏం కావాలి! రిక్ శాంటోరమ్, న్యూట్ గింగ్రిచ్ ఆ బొమ్మనే చేతపట్టుకుని, రామ్నీ విధానాలు ఊపితే చెరిగిపోయేవేనని దెప్పిపొడిచారు. పైసా ఖర్చులేని ఈ ప్రచారంతో అప్పటి తయారీ సంస్థ ఒహాయో ఆర్ట్ షేరు ధర రెట్టింపు దాటింది.

నిజానికి దీన్ని కనిపెట్టింది ఫ్రాన్స్‌కు చెందిన ఆంద్రే కసాన్య. తెర లోపలి వైపు అల్యూమినియం పొడి అంటుకుని ఉంటుంది. నాబ్‌లు కదిపే ములికి ఆ పొడిని గీకిన చోటల్లా నల్లటి గీత కనిపిస్తుంది. ఊపితే పొడి మళ్లీ పరుచుకుంటుంది.

రామ్నీ పార్టీ అభ్యర్థిత్వం గెలిచారు. నవంబరులో ఒబామా చేతిలో ఓడారు. పూటకో మాట మార్చే నేతలపై అమెరికా పత్రికలు ఆ తర్వాత కూడా ఈ బొమ్మ పేరును ప్రయోగిస్తూ వచ్చాయి.