“మ్యాథ్స్ రాదు” అంటే ఏది రాదు?



అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోర్సుల బ్యానర్లు చూస్తూ తిరిగే కుర్రాళ్లు మీకు తెలిసినవాళ్లే. ఫీజు కట్టేముందు రెండు మూడు చోట్ల డెమో క్లాసులో కూర్చుంటారు. ఎంతవరకు అర్థమవుతోంది, ఎక్కడ తడబడుతున్నాం అని చూసుకుంటారు. డిగ్రీ అయ్యాక చేసే ఆ పని మన పిల్లలకు బడిలోనే అలవాటు కావచ్చు. కానీ వాళ్లకేది వచ్చో, ఏది రాదో మార్కులు చెబుతాయి, లేకపోతే మనం చెబుతాం. టీచర్లం మేమూ ఇందులో తక్కువేం కాదు.

పీటీఎంలో తరచూ వినే మాట “మావాడికి మ్యాథ్స్ రాదండీ”. పక్కన కూర్చున్న బాబు తలూపుతాడు. ఆరో తరగతి నుంచి అదే వింటూ ఉంటే తొమ్మిదికొచ్చేసరికి వాడే ఆ మాట అనడం మొదలుపెడతాడు. ఆన్సర్ షీట్ తెరిస్తే కథ వేరుగా ఉండొచ్చు. సమీకరణం రాసిస్తే చక్కగా సాధిస్తాడు. అదే లెక్క నాలుగు లైన్ల ఇంగ్లిష్‌లో ఇస్తే ఆగిపోతాడు. “ఫైవ్ లెస్ దాన్ ఎక్స్” అంటే ఎక్స్‌లోంచి ఐదు తీసేయాలి, వాడేమో ఐదులోంచి ఎక్స్ తీసేస్తాడు. తేడా వస్తున్నది చదవడంలో. దీనికి మరో మ్యాథ్స్ ట్యూషన్ పెట్టించి లాభం లేదు.

మన ఆలోచనను మనమే గమనించుకోవడాన్ని మెటాకాగ్నిషన్ అంటారు. 1970లలో అమెరికన్ సైకాలజిస్ట్ జాన్ ఫ్లావెల్ ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. ప్రోగ్రెస్ కార్డులో టీచర్ అంచనాతోపాటు విద్యార్థి తన గురించి తాను వేసుకునే అంచనా కూడా ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. పేరు పెద్దదే గానీ ఇంట్లో చేయాల్సింది చిన్న పని.

యూనిట్ టెస్ట్ రాసి వచ్చిన సాయంత్రం “ఎన్ని వస్తాయనుకుంటున్నావు?” అని అడిగి, ఆ అంకె వాళ్లచేతే రాయించండి. పేపర్ ఇచ్చాక పోల్చి చూడమనండి. పోయిన ప్రతి మార్కు పక్కన ఒక గుర్తు పెట్టమనండి: తెలియనిదా, తెలిసీ తప్పు రాసిందా, టైమ్ చాలక వదిలేసిందా? మూడింటికీ మందు వేరు. పెన్సిల్ మాత్రం పిల్లల చేతిలోనే ఉండాలి. మనం వేలు పెట్టి చూపిస్తే అది మళ్లీ మన అంచనా అయిపోతుంది.

బలాలు కనిపెట్టడం ఇంకా కష్టం. “నువ్వు తెలివైనదానివి” అంటే పాపకు తెలిసేదేమీ లేదు. పంజాగుట్టలో మెట్రో ఎక్కి రాయదుర్గం వెళ్లాలంటే అమీర్‌పేటలో లైన్ మారాలి. మ్యాప్ చూసి నానమ్మను సరైన ప్లాట్‌ఫామ్‌కి తీసుకెళ్లిన పాపే సోషల్‌లో మ్యాప్ పాయింటింగ్ అంటే భయపడుతుంటుంది. రెండూ ఒకే పని అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. “ఈ వారం క్లాసులో నీ దగ్గరికి ఎవరైనా డౌట్ అడగడానికి వచ్చారా, దేంట్లో?” అని అడిగి చూడండి.

పది అవగానే ఎంపీసీయా, బైపీసీయా, ఎంఈసీయా, సీఈసీయా అన్న ప్రశ్న వస్తుంది. “నీకేది ఇష్టం?” అంటే “మీ ఇష్టం” అనే పిల్లలు చాలామంది. అంతకుముందు వాళ్లను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

వచ్చే పీటీఎంకి గుర్తులు పెట్టిన ఆ ఆన్సర్ షీట్ తీసుకురండి. మొదటి ఐదు నిమిషాలు మీ బాబో, పాపో మాట్లాడతారు. మీరూ మేమూ విందాం.