కీమో పోర్టు తీసేటప్పుడు

కీమో పూర్తయ్యాక పోర్టు తీసేద్దామంటే కొందరు సంతోషిస్తారు. మరికొందరు ‘మళ్లీ అవసరమొస్తే?’ అని దిగులుపడతారు. ఆ దిగులు మాకు తెలుసు. అవసరమొస్తే మరొకటి అమర్చవచ్చు. అవసరం లేని పోర్టును శుభ్రం చేయించకుండా వదిలేస్తే అది మూసుకుపోవచ్చు, ఇన్ఫెక్షనూ రావచ్చు. ఎప్పుడు తీయాలో మీ డాక్టరుగారే నిర్ణయిస్తారు.

తీయడం చిన్న పనే. సాధారణంగా పాత మచ్చ దగ్గరే మత్తు సూది వేసి, అరగంటలో తీసేస్తారు. సూది చురుక్కుమంటుంది, తరువాత లాగినట్టు ఉంటుంది. చాలామంది ఆరోజే ఇంటికి వెళ్తారు.

రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. మీ అంతట మీరు ఆపకండి. కట్టు తడవనివ్వకండి. డాక్టరుగారు చెప్పేదాకా నీళ్లబిందెలు ఎత్తకండి. జ్వరం, చీము, పెరిగే వాపు, ఆగని రక్తం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే రండి.