సైటు పక్క డ్రైన్, గదిలో కుళాయి

సింగపూర్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామంది మొదటి వారం రెండు పనులు చేస్తారు. గదిలో కుళాయి నీళ్లు తాగడానికి భయపడి సీసాలు కొంటారు. సైటులో సిమెంట్ బకెట్ కడిగిన నీళ్లను మాత్రం పక్క డ్రైన్‌లో గుమ్మరిస్తారు. ఆ డ్రైన్‌కూ ఈ కుళాయికీ చుట్టరికం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు. నేను వచ్చినప్పుడు నాకూ చెప్పలేదు.

మన ఊళ్లలో డ్రైన్ అంటే మురుగు కాలువే. వంటింటి నీళ్లు, స్నానం నీళ్లు, వాన నీళ్లు అన్నీ అందులోకే. ఇక్కడ మురుగు దారి వేరు. అది భూమి లోపలి పైపుల్లో శుద్ధి కేంద్రానికి పోతుంది. రోడ్డు పక్కన కనిపించే కాంక్రీట్ కాలువ వాన నీటికి మాత్రమే. ఈ దేశపు నేలలో మూడింట రెండు వంతుల మీద పడిన వాన ఇలాంటి కాలువల గుండా 17 రిజర్వాయర్లకు చేరుతుంది. డ్రైన్లు, కాలువలు, నదులు అన్నీ కలిపితే దాదాపు 8,000 కిలోమీటర్లు. రిజర్వాయర్ నీటిని శుద్ధి చేసి తాగడానికి ఇస్తారు. జొహోర్ నుంచి కొనే నీళ్లు, మురుగును శుద్ధి చేసి తీసే న్యూవాటర్, ఉప్పు తీసిన సముద్రపు నీళ్లు మిగతా మూడు ఆధారాలు. 2008లో మెరీనా బ్యారేజ్ కట్టాక నగరం నడిబొడ్డున పడే వాన కూడా సముద్రంలో కలవకుండా తాగునీటి ఖాతాలోకి వచ్చింది. ఆదివారం మనవాళ్లు గాలిపటాలు చూడటానికి వెళ్లి ఫోటోలు దిగే బ్యారేజ్ అదే.

డ్రైన్ నుంచి రిజర్వాయర్ దాకా దారిలో శుద్ధి యంత్రం ఏదీ ఉండదు. చాలా రోజుల ఎండ తర్వాత పడే వానలో మొదటి నీళ్లే అన్నిటికంటే మురికి. రోడ్డు మీది ఆయిల్, టైర్ల పొడి, సిగరెట్ ముక్కలు, ఆకులు అన్నీ ఒక్కసారిగా కొట్టుకొస్తాయి. వానకు ముందు ఊడ్చి, జాలీలు శుభ్రం చేసి, గుంటల్లో పూడిక తీస్తే ఆ మురికిలో చాలా భాగం చేతికే దొరుకుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మన రైతులు పూడిక తీయరూ, అదే లెక్క. కాకపోతే ఇక్కడ వేసవంటూ వేరే లేదు, ఏడాదంతా వానలే. కాబట్టి పూడిక పనీ ఏడాదంతా ఉంటుంది.

ఆ పని ఆగితే ఏమవుతుందో 2010 జూన్ 16న ఆర్చర్డ్ రోడ్డు చూసింది. ఖరీదైన దుకాణాల్లోకి నీళ్లు దూరాయి. కారణం వెతికితే స్టామ్‌ఫర్డ్ కాలువ కల్వర్టులో చెత్త అడ్డుపడిందని తేలింది. తర్వాత ఆ నీటి కోసం 15 ఒలింపిక్ ఈత కొలనులంత తొట్టిని భూమిలో కట్టి 2018లో పూర్తిచేశారు. అంత పెద్ద తొట్టి కట్టినా జాలీ మీది ఆకులను మనిషి తీయాల్సిందే.

ఇక మన సైటుల సంగతి. తవ్విన మట్టి మీద వాన పడితే నీళ్లు పాలు పోసిన టీలా అవుతాయి. ఇసుక అయితే అడుగుకు చేరుతుంది. సన్నటి బంకమట్టి మాత్రం రోజులు గడిచినా తేలుతూనే ఉంటుంది. మన అమ్మమ్మలు చెరువు నీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసేవారు, లేదా పటిక తిప్పేవారు. మట్టి ముద్ద కట్టి కిందికి దిగేది. సైటులో నీళ్లు శుద్ధి చేసే యంత్రం చేసేదీ అదే పని, మందు పేరే వేరు. బయటికి వదిలే నీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాములకు మించి మట్టి ఉండకూడదని ఇక్కడి నిబంధన.

సిమెంట్ నీళ్లు ఇంకా చెడ్డవి. సున్నం నీళ్లలాంటి క్షారం అది. చేతులకు పుండ్లు పడేది అందుకే, చేపలు చచ్చేది అందుకే. పైగా డ్రైన్ అడుగున గడ్డకట్టి కూర్చుంటుంది. మామూలు పూడికను పారతో ఎత్తవచ్చు, దీన్ని సుత్తితో కొట్టాలి.

నాలుగేళ్ల కిందట మా సైటులో స్లాబ్ పోత రాత్రి పదకొండుకు అయింది. వాష్ బేలో పంపు చెడిపోయింది. డార్మిటరీకి వెళ్లే లారీ హారన్ కొడుతోంది. బకెట్లు, తట్టలు కడగాల్సిన శ్రీకాకుళం కుర్రాడు ఏం చెయ్యమన్నావన్నా అని అడిగాడు. "ఇవాళ్టికి డ్రైన్‌లో కడిగెయ్ తమ్ముడూ" అన్నాను. పొద్దున్నకి బయటి కాలువలో బూడిద రంగు చార, తేలుతున్న చిన్న చేపలు. అవుట్‌లెట్ దగ్గర కెమెరా ఉండనే ఉంది. పని మూడు రోజులు ఆపారు. అందరికీ ఓటీ పోయింది. ఎవరు చేశారని మేనేజర్ అడిగితే ఆ అబ్బాయి "నేనే" అన్నాడు, నా పేరు ఎత్తలేదు. మధ్యాహ్నం దాకా నేను నోరు మెదపలేదు. అతన్ని ఊరికి పంపించేస్తారని విన్నాక వెళ్లి చెప్పాను. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు, అతను మిగిలాడు. గడ్డకట్టిన సిమెంట్ ఇద్దరం కలిసి రెండు రోజులు కొట్టాం.

ఫోర్‌మన్లుగా ఉన్న మనవాళ్లకు ఒక మాట. వాష్ బే పంపు చెడిపోతే ఆ నీళ్లు డ్రమ్ముల్లో పట్టి పెట్టండి, పొద్దున్న చూసుకోవచ్చు. మిగిలిన కాంక్రీట్‌ను ప్లాస్టిక్ షీటు మీద పోసి ఎండనివ్వండి. జాలీ మూసుకుపోతే పైనుంచి తీయండి. పైకప్పున్న కాలువలోకి, మేన్‌హోల్‌లోకి పర్మిట్ లేకుండా, గ్యాస్ చూడకుండా ఎవరినీ దింపొద్దు. వాన ఎక్కడో దూరంగా పడినా లోపల నీళ్లు నిమిషాల్లో పెరుగుతాయి. దిగమని చెప్పింది నాలాంటి సూపర్‌వైజరే అయినా కుదరదనండి.

ఆ కుర్రాడు ఇప్పుడూ నాతోనే ఉన్నాడు. మబ్బు పడితే ముందు అవుట్‌లెట్ దగ్గరికి పోతాడు. నీళ్లు టీ రంగులో ఉంటే ఫోన్ చేస్తాడు. నిన్న సాయంత్రం కూడా చేశాడు, నేను అన్నం మధ్యలో లేచి వెళ్లాను.